వరస సంఖ్య పధ్నాలుగు

భీమిలి రోడ్డు దిగి రెండు కిలోమీటర్లు లోపలికి,
జీడితోట అంచున, గెడ్డ మీద కల్వర్టు దాటాక
ఉంటుందన్నారు. ఉంది.
సున్నం డబ్బా, ముప్పై మీటర్ల టేపు,
నీలం అట్ట కొలతల పుస్తకం;
రోడ్డు వెడల్పుకి అడ్డొచ్చేవన్నీ
రాసుకురమ్మన్నారు నన్ను.

రాశాను.
వరస సంఖ్య పధ్నాలుగు. స్తంభం. పాతది.
కింద చదరం, పైకి పోనుపోను సన్నం.
ఎత్తు నాలుగు మీటర్ల పది.
కొసన కలశం లేదు, శిలువ లేదు,
ఓ కాకి ఉంది. కాకిని రాయలేదు.

ఈ ఆకారం నేనెరుగుదును.
భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు ఇలాగే
ఆకాశాన్ని గుచ్చుతూ నిలబడతాయి.
కట్టినవాడు వాటి మధ్య తిరిగి ఉంటాడు,
మూరతాడుతో, ఎవరూ చూడకుండా.
వెనకవైపు, మోకాలి ఎత్తున, ఉలితో గీసుకున్నాడు:
ఉమ్మిడి ఎర్రయ్య.
ఆ రాయంతటిలో అదొక్కటే పేరు.

ముందువైపు పాలరాతి పలక.
పైన ఇంగ్లీషు, కింద తెలుగు:
ఈ గ్రామమునుండి మహాయుద్ధమునకు
ముప్పదియొక్కరు వెళ్లిరి.
వారిలో ఐదుగురు ప్రాణములర్పించిరి.
ఎవరికి అర్పించిరో రాయలేదు.
బహుశా పలక చాల్లేదు.

గానుగ సున్నం, కరక్కాయ, బెల్లం నీళ్లు.
గోరుతో గీకితే ఊడలేదు.
బండి తాళంతో గీకాను,
తాళం అరిగింది.
హుద్‌హుద్ రాత్రి బడి రేకులు
గెడ్డ అవతల తేలాయట.
దీనికి మాత్రం
సముద్రం వైపు చెంప కాస్త నల్లబడింది.

అంతా బాగుంది, పీఠమే బాగాలేదు.
చెక్కిన కొండరాళ్ల వరసలో
ఐదుచోట్ల పొంతన లేని రాళ్లు.
ఒకటి గుండ్రం, ఒకటి గడపముక్కలా,
ఒకదానికి తాడు ఒరుసుకున్న గాడి.
రాశాను: నాసిరకం రాయి, అయిదు.

"ఏటి బాబూ, రాస్తన్నావు?"
బొడ్డు అసిరితల్లి. ఎనభై దాటాయి.
చేతిలో చీపురు, నోట్లో అడ్డపొగ.

"పేర్లు ఎక్కించమంటే దొర ఎక్కించనేదంట.
అప్పుడు ఎర్రయ్య ఇంటింటికీ ఎల్లి
మీ ఇంట్లో రాయొకటి ఇయ్యండన్నాడు.
అదిగో, ఆ గుండ్రాయి మాది.
తిరగలి కిందిది.
మా తాత ఇసకదేశం ఎల్లి
ఇసకలోనే ఉండిపోనాడు.
మా మామ్మ కిందిరాయి ఇచ్చేసి
పైరాయి అట్టిపెట్టుకుంది.
బతికినన్నాళ్లూ పరాయి ఇళ్లకెల్లి ఇసురుకుంది,
ఇంకో తిరగలి కొననేదు."

గాడి ఉన్నది లంగరు రాయట.
పాలెంలో పడవవాళ్లది.
గడపముక్క చాకలి గున్నయ్య ఇంటిది.
మిగిలిన రెండూ?
ఆమె చాలాసేపు చూసింది.
"తెలీదు బాబూ. తెలిసినోళ్లు పోయారు."

వాళ్ల అరుగు కింద, గోనె తీసి చూపించింది.
పైరాయి. పిడి ఊడిన కన్నంలో
కందిరీగల మట్టిగూడు.
టేపు పెట్టాను: అడుగున్నర మీద అరంగుళం.
తిరిగి వచ్చి, ఎండలో మోకాళ్ల మీద కూర్చుని
పీఠంలోదానికి పెట్టాను:
అడుగున్నర మీద అరంగుళం.
ఇరవై రెండేళ్ల నా ఉద్యోగంలో
ఏ రెండు కొలతలూ ఇలా కలవలేదు.

నాసిరకం అన్న మాట కొట్టేశాను.
కొలతల పుస్తకంలో కొట్టివేతకి
సంతకం పెట్టాలి. పెట్టాను.
విలువ అన్న గడిలో ఏం రాయాలో
ఏ రేట్ల జాబితాలోనూ లేదు.
ఖాళీగా ఉంచితే ఏఈ గారు అడుగుతారు.
అడగనీ.

సున్నంగీత గియ్యకుండానే
బండి స్టార్టు చేస్తుంటే
చీపురు చంకన పెట్టుకుని వెంట వచ్చింది.
"పగలగొట్టీదయితే
ముందురోజు కబురెట్టు బాబూ.
కందులు ఏయించి ఉంచుతాను.
ఇసురుకోవాల."